లీకైతే నట్టు బిగించాలా? హోల్స్ ఉన్న ఆక్వేరియం పైపులపై అపోహలు - వాస్తవాలు

ఆక్వేరియం కింద సంప్ (ట్యాంకు నీళ్లు దిగి, శుభ్రమై తిరిగి పైకెళ్లే తొట్టి) పెట్టించుకున్నవాళ్ల నుంచి నాకు తరచూ వచ్చే ఫోన్ ఒకటుంది. "అన్నా, హోల్ దగ్గర చెమ్మగా ఉంది, నట్టు ఇంకో చుట్టు బిగించమంటారా?"

వద్దు. ముందు ఆ పానా పక్కన పెట్టండి.

అపోహ: లీకైతే నట్టు ఇంకా బిగించాలి, సిలికాన్ కూడా పూస్తే మరీ మంచిది.

అద్దం హోల్‌లో బిగించి పైపు తగిలించే ఫిట్టింగే ట్యాంక్ నిపుల్. అందులో నీళ్లను ఆపేది నట్టు కాదు, రబ్బరు వాషర్. దాన్ని అద్దానికి అదిమి పట్టుకోవడం వరకే నట్టు పని. వాషర్ కొంచెం నొక్కుకుని చుట్టూ సమంగా అంటుకుంటే చాలు. అంతకు మించి బిగిస్తే వాషర్ పక్కకి ఉబికి జారుతుంది, ఒత్తిడంతా అద్దం మీద పడుతుంది. అద్దంలో బలహీనమైన చోటు హోల్ అంచే. డ్రిల్ చేసినప్పుడు అక్కడ కంటికి కనపడని సన్నని పెచ్చులు లేస్తాయి, పగులు మొదలయ్యేది వాటి నుంచే. చేత్తో బిగినంత బిగించి, ఆపైన పావు చుట్టు తిప్పి వదిలేయండి.

వాషర్ ఎటు వేయాలన్నది ఇంకో గొడవ. నిపుల్‌కి వెడల్పాటి అంచు ఉన్న వైపు వేయాలి. ఆ అంచు మామూలుగా ట్యాంకు లోపల ఉంటుంది. నట్టు వైపు మాత్రమే వేస్తే నీళ్లు హోల్‌లోకి దిగి, నట్టు మరల సందుల్లోంచి నింపాదిగా బయటికొస్తాయి. ఇక ఎంత బిగించినా ఆగవు. ప్యాకెట్‌లో రెండు వాషర్లు వచ్చాయి కదా అని రెండో వైపు కూడా వేస్తారు. నట్టు తిరిగేటప్పుడు ఆ రబ్బరు మెలిపడుతుంది, ఎంత బిగిసిందో చేతికి తెలియదు. సిలికానైతే తడిగా ఉన్నంతసేపు వాషర్‌ని జారనిస్తుంది, ఆరాక విప్పనివ్వదు. నట్టు మరలకి టెఫ్లాన్ టేప్ చుట్టడం దండగ. ఆ టేప్ పైపు అడాప్టర్ మరలకి.

విజయవాడలో ఒకాయన కొత్త నాలుగడుగుల ట్యాంకుకి ఇంటి ప్లంబర్‌తో పని చేయించుకున్నారు. ప్లంబర్ పనిమంతుడే, ఓవర్‌హెడ్ ట్యాంకులు బిగించి చెయ్యి తిరిగినవాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. ప్లాస్టిక్ ట్యాంకు గోడ కాస్త వంగుతుంది, పానాతో లాగినా ఓర్చుకుంటుంది. అద్దం వంగదు. ఆ సాయంత్రం ఏమీ కాలేదు, ఒక్క చుక్క కారలేదు, అందరూ సంతోషంగా పడుకున్నారు. తెల్లవారుజామున హోల్ దగ్గర్నుంచి మూల దాకా పగిలింది. హాలంతా నీళ్లు, కింది ఫ్లాట్ వాళ్లు తలుపు కొడుతున్నారు. "లీక్ కాకూడదనే కదండీ గట్టిగా బిగించమన్నాను" అన్నారాయన ఫోన్‌లో. ఏం చెప్తాం? కొత్త ట్యాంకు వచ్చేదాకా చేపలు బాత్రూమ్‌లో టబ్బుల్లో ఉన్నాయి. వాళ్లమ్మగారికి బాత్రూమ్ లేకుండా పోయింది.

చెమ్మ చూసి కంగారు పడేవాళ్లని నేను తప్పుపట్టను. ఇంట్లో అన్ని లీటర్ల నీళ్లు పెట్టుకుని టెన్షన్ లేదంటే ఎలా? కానీ అది లీకో కాదో ముందు తేల్చుకోండి. నీళ్లు చల్లబరిచే చిల్లర్ పెట్టిన ట్యాంకైతే బయట ఉక్కకి పైపు మీదే నీళ్లు పడతాయి. పొడి గుడ్డతో తుడిచి, టిష్యూ కాగితం చుట్టి, గంట తర్వాత చూడండి. ఒక్క చోటే తడిస్తే లీకే. అప్పుడు హోల్ కిందికి నీళ్లు దించి, నిపుల్ విప్పి, వాషర్ తీసి చూడండి. ఇసుక రేణువో, పాత సిలికాన్ ముక్కో, అచ్చులో మిగిలిన రబ్బరు గీతో కనిపిస్తుంది. తుడిచి, లేదా కొత్త వాషర్ వేసి, నీళ్లతో తడిపి బిగించండి. వాజిలైన్ రాయకండి, రబ్బరు పాడవుతుంది.

పైపు బరువు కూడా నిపుల్ మీద వేలాడకూడదు. స్టాండుకి క్లాంపులు కొట్టించండి. మోటార్ దగ్గర కొంత మెత్తటి హోస్ పెడితే అదురు అద్దం దాకా రాదు.

అపోహ: అంగుళం అంటే అంగుళమే.

కాదు. అంగుళం నిపుల్‌కి చాలా రకాల్లో 45 మిల్లీమీటర్ల దగ్గర హోల్ కావాలి, కొన్నింటికి ఇంకా పెద్దది. హోల్ కొలిచాకే నిపుల్ కొనండి. అమెరికా నుంచి బావమరిది తెచ్చినదైతే మరలు ఎన్‌పీటీ కొలతవి, మన ఫిట్టింగులవి బీఎస్‌పీ కొలతవి. అంగుళం సైజులో ఎన్‌పీటీకి అంగుళం పొడవులో 11.5 మరలు, బీఎస్‌పీకి 11. రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది, సరిపోయిందనుకుంటారు. సరిపోలేదు.

అపోహ: హోల్ చిన్నదైతే కాస్త పెద్దది చేసుకోవచ్చు.

టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన) అద్దమైతే డ్రిల్ పెట్టగానే మొత్తం ముక్కలవుతుంది. కొన్ని ట్యాంకుల్లో అడుగు అద్దం టఫెన్డే. దానికి హోల్ ముందే చేసి, తర్వాత టఫెన్ చేస్తారు. చిన్న నిపుల్ కొనుక్కోండి.

అపోహ: జీఐ (జింకు పూత వేసిన ఇనుము), ఇత్తడి ఫిట్టింగులే గట్టివి.

గట్టివే. జీఐలో జింకు చేపలకి, ఇత్తడిలో రాగి రొయ్యలకి విషం. ప్లంబర్లు మరలకి చుట్టే దారం, పూసే సఫేదా కూడా ఈ పనికి వద్దు.

అపోహ: ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు) ఉంటే కరెంటు పోయినా భయం లేదు.

నాచు, ఇసుక పట్టిన రోజు అది పూర్తిగా మూసుకోదు. మోటార్ ఆగగానే, సంప్ నుంచి ట్యాంకులోకి నీళ్లు తెచ్చే రిటర్న్ పైపే నీళ్లని వెనక్కి లాగుతుంది, దాని మూతి గాలి పీల్చేదాకా. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ట్యాంకులో ఒక్క సెంటీమీటర్ మట్టం దిగితే 5.4 లీటర్లు. మూతి 10 సెంటీమీటర్ల లోతులో ఉంటే 54 లీటర్లు సంప్‌లోకి వస్తాయి. మూతిని నీటి మట్టానికి దగ్గరగా పెట్టండి, లేదా మట్టానికి కొంచెం కింద పైపుకి చిన్న రంధ్రం వేసి, నాచు పట్టకుండా చూసుకోండి. చేపలు వేయకముందే స్విచ్ ఆపేసి, సంప్ ఎక్కడిదాకా నిండుతుందో చూడండి. పొర్లేలా ఉంటే వెంటనే మోటార్ వేసి కొంత నీళ్లు తోడేయండి. పొర్లకుండా ఆగాక మళ్లీ మోటార్ వేసి, నడుస్తున్నప్పటి సంప్ మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసుకోండి. ఆ గీత దాటి నీళ్లు పోయకండి.