పోటీ కంపెనీకి టెక్నాలజీ ఇస్తారా? ఫార్మాలో అపోహలు - వాస్తవాలు

టెక్ ట్రాన్స్‌ఫర్‌లో, అంటే మందు తయారీ పద్ధతిని ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి అందించే పనిలో ఉన్నానని చెప్పగానే చాలామంది అడిగేది ఒకటే: "పోటీవాడికి ఫార్ములా ఇచ్చేస్తే మీకేం మిగులుతుంది?"

అపోహ: పేటెంట్ చదివితే చాలు, మందు చేసేయొచ్చు.

అణువు నిర్మాణం, తయారీ మార్గం పేటెంట్లో ఉంటాయి, నిజమే. కానీ పెద్ద రియాక్టర్లో ఎంత నెమ్మదిగా చల్లబరిస్తే స్ఫటికాలు సరైన రూపంలో వస్తాయి, ఏ దశలో ఏ ఇంప్యూరిటీ (అక్కర్లేని మలినం) పెరుగుతుంది, సాల్వెంట్‌లో (కరిగించే ద్రవంలో) తేమ ఎంత దాటితే బ్యాచ్ పోతుంది అన్నవి చాలావరకు చేసినవాళ్లకే తెలుస్తాయి. అందుకే బ్యాచ్ రికార్డులతోపాటు (ప్రతి దశ రాసి ఉంచిన తయారీ పత్రాలు) మనుషులు కూడా వెళ్లి, ప్లాంట్లో నిలబడి మొదటి బ్యాచ్‌లు చేయిస్తారు, ఒకే శాంపిల్‌కి రెండు ల్యాబుల్లోనూ ఒకే ఫలితం వస్తోందా అని సరిచూస్తారు. అసలు టెక్నాలజీ అంటే ఇదే.

అపోహ: ఇచ్చే కంపెనీ నష్టపోతుంది, లేదంటే దానం చేస్తోంది.

రెండూ కాదు. హెపటైటిస్-సి మందు సోఫోస్బువిర్‌కి 2014 సెప్టెంబరులో దాని అమెరికా కంపెనీ గిలియడ్ మన దేశంలోని ఏడు కంపెనీలకు లైసెన్సు ఇచ్చింది, వాటిలో హైదరాబాద్ హెటిరో ఒకటి. తయారీ పద్ధతి ఇచ్చారు, ధర ఎవరిది వాళ్లే పెట్టుకోవచ్చు, అమ్మకాల మీద 7 శాతం రాయల్టీ కట్టాలి. కానీ అమ్మడం మాత్రం అప్పట్లో 91 దేశాల్లోనే. డబ్బున్న మార్కెట్లు గిలియడ్ తన దగ్గరే ఉంచుకుంది. బ్రెజిల్ కూడా ఆ జాబితాలో లేదు, అలా బయట పడిపోయిన దేశాల రోగుల సంగతి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అపోహ: సంతకాలు అయ్యాక ఇక ఉత్పత్తి మొదలే.

కోవాగ్జిన్ విషయంలో ఏమైందో చూడండి. భారత్ బయోటెక్, ఇండియన్ ఇమ్యునలాజికల్స్ రెండూ హైదరాబాద్‌వే, రేబిస్ టీకాల్లో పోటీదారులు. 2021లో భారత్ బయోటెక్ టీకా కోవాగ్జిన్ తయారీకి చేతులు కలిపాయి. కానీ బతికున్న కరోనా వైరస్‌ని పెంచాలంటే బీఎస్‌ఎల్-3 ప్లాంటు (ప్రమాదకర క్రిములు బయటికి పోకుండా కట్టుదిట్టంగా కట్టినది) కావాలి, అందుకని కర్కపట్లలోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ప్లాంటును ముందు ఆ స్థాయికి మార్చుకోవాల్సి వచ్చింది.

అపోహ: పోటీదారులు కలిశారంటే కుమ్మక్కే.

2021 జూన్‌లో సిప్లా, డాక్టర్ రెడ్డీస్, ఎమ్‌క్యూర్, సన్, టోరెంట్ కలిసి కోవిడ్ మందు మోల్నుపిరావిర్‌కి ఒకే ట్రయల్ చేస్తామని ప్రకటించాయి. ఒకే మందుని ఐదుసార్లు వేర్వేరుగా రోగుల మీద పరీక్షించడం ఎందుకు? 2002 కాంపిటీషన్ చట్టం సెక్షన్ 3 అడ్డుకునేది ధరలు మాట్లాడుకోవడాన్ని, మార్కెట్ పంచుకోవడం లాంటివాటిని. కాబట్టి ఇలాంటి మీటింగుల్లోకి కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేదొక్కటే: అజెండా రాతపూర్వకంగా ఉండాలి, ధర మాట వచ్చిందా, అభ్యంతరం చెప్పి మినిట్స్‌లో (మీటింగ్ రికార్డులో) రాయించి లేచి వచ్చేయండి.