వెయ్యి ఫీట్లు కొడితే నీళ్ళు పడతాయా? బోర్ల మీద అపోహలు - వాస్తవాలు

మొన్న మర్రిగూడ దిక్కు నుంచి రాత్రి పదకొండున్నరకు ఫోను.

"సారూ, ఆరు వందల ఇరవై అయింది. దుబ్బే లేస్తుంది. బండాయన ఇంకో రెండొందలు కొడితే గ్యారంటీ అంటుండు. కొట్టియ్యమంటరా?"

వెనకాల బోరు బండి కంప్రెషర్ మోత. మూడు వందల లోపల ఏమన్నా తగిలిందా అని అడిగాను. రెండు వందల నలభై కాడ అర ఇంచు నీళ్ళు తగిలాయట. "ఆపెయ్ తమ్మీ" అన్నాను. ఆపలేదు. ఎనిమిది వందల యాభై దాకా పోయారు. పొద్దున ఫోను చేసింది వాళ్ళ అన్న. మోటారు కోసం దాచిన పైసలు కూడా బండికే కట్టారట.

ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల్లో బోరు పాయింట్లు చూడటమే నా పని. ఇరవై రెండేళ్ళుగా ఇదే ఫోను, ఇదే ప్రశ్న. అందుకే రాస్తున్నా.

అపోహ: పైన లేకపోతే లోతుల ఉంటయి

మన కాళ్ళ కింద ఉన్నది గ్రానైటు. సుమారు 250 కోట్ల ఏళ్ళ కిందటి రాయి. ఇసుక లాగ నీళ్ళు పీల్చుకునేది కాదు. నీళ్ళుండేది రెండే చోట్ల: పైన రాయి చివికిన మొరంలో, దాని కింద రాతి పగుళ్ళలో. మన బండివాళ్ళు 'గ్యాప్' అనేది ఈ పగుళ్ళనే. లోతుకు పోయినకొద్దీ పైరాతి బరువుకు పగుళ్ళు మూసుకుపోతాయి, సంఖ్య కూడా తగ్గుతుంది. మన దగ్గర పనికొచ్చే గ్యాపుల్లో ఎక్కువ భాగం మూడు వందల ఫీట్ల లోపలే. పాతాళగంగ అనేదేదీ మన జిల్లాల కింద పారడం లేదు.

"మరి ఫలానా ఊర్ల ఏడు వందల కాడ పడ్డయి కదా?" పడ్డాయి. నేనూ 540 ఫీట్ల దగ్గర రెండించులు లేవడం కళ్ళారా చూశాను. పడ్డ బోరు ముచ్చట పది ఊళ్ళకు తెలుస్తుంది, ఎండిన బోర్ల ముచ్చట ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. పైగా ఆ 540 ఫీట్ల బోరు మూడో ఎండాకాలానికి గాలి పోసింది. లోతు పగులు సన్నటి గొట్టం లాంటిది, దానికి నీళ్ళు పైనుంచే దిగాలి. వంద మిల్లీమీటర్ల వాన పడితే మన నేలలో కిందికి ఇంకేది దాదాపు పది. ఎంత లోతుకు పోయినా వాటా ఆ పదిలోంచే.

బండికి ఫీటు లెక్కన డబ్బు, నీళ్ళ లెక్కన కాదు. లోతు పెరిగేకొద్దీ ఫీటు రేటు కూడా పెరుగుతుంది. "ఇంకో నూరు" అనే ఏజెంటును తిట్టను, అది ఆయన బతుకు. కానీ ఆయన గ్యారంటీ కాగితం మీద రాసివ్వడు.

మీరు చేయాల్సిందొకటుంది. బండి పక్కన నిలబడి, ప్రతి రాడ్డుకూ వచ్చే పొడిని విడివిడిగా కుప్పలు పోయించండి. మొదట ఎర్ర మొరం వస్తుంది. తర్వాత గింజల మీద తుప్పు రంగు పట్టిన ముక్కలొస్తే నీళ్ళు ఆ దారిన తిరిగాయని గుర్తు, మనసు పెట్టి చూడాల్సింది అక్కడే. ఆ తర్వాత బూడిద రంగులో, చేతికి గుచ్చుకునే తాజా పొడి మొదలవుతుంది. అదే పొడి వరసగా నూరు ఫీట్లు వచ్చిందా, బండి ఆపించి చాయ్ తాగండి. అర ఇంచు తగిలితే అర ఇంచే. వరి పండదు. డ్రిప్పు పెట్టుకుంటే బత్తాయి చెట్లు బతుకుతాయి.

ఒక్క మాట. ఇది గ్రానైటు నేల సంగతి. హుజూర్‌నగర్, అలంపురం దిక్కు సున్నపురాయి ఉంటుంది, దాని లెక్క వేరు. అమ్రాబాద్ మీది నల్లమల రాయి ఇంకో రకం. అక్కడ ఏ ఊట ఏ నెల దాకా పారుతుందో నాకంటే చెంచులకే బాగా తెలుసు. ఏలూరు పక్కనున్న మీ బావమరిది బోరు ముచ్చట మాత్రం చెప్పకండి. ఆయనది ఇసుక నేల.

అపోహ: కొబ్బరికాయ లేస్తే నీళ్ళున్నట్టే

అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడుస్తారు, అది నిలువుగా లేచిన కాడ బోరు వేయమంటారు. నా అరచేతిలోనూ లేస్తుంది. వాన బాగా పడ్డ ఏడు చూసినాయన దేవుడు, కరువేట చూసినాయన దొంగ. ఇంతకంటే రాయను.

అపోహ: మిషన్ నీళ్ళను చూపిస్తుంది

ఇది మా వాళ్ళు పెంచిన అపోహ. నాలుగు ఇనుప కడ్డీలు పాతి కరెంటు పంపితే తెలిసేది నేల నిరోధకత మాత్రమే, నీళ్ళు కాదు. తడి మొరానికి తగ్గినట్టే బంకమట్టికీ తగ్గుతుంది. దేవరకొండ దగ్గర నేను నమ్మకంగా పెట్టిన పాయింటులో సుద్ద తప్ప చుక్క రాలేదు. ఫీజు వాపసిస్తుంటే ఆ ఇంటి ముసలమ్మ, "భూమి లోపల ఎవ్వలు సూసిండ్రు బిడ్డా" అని మజ్జిగ పోసింది. ఆ మజ్జిగ గొంతు దిగలేదు. అప్పటి నుంచి మిషన్ తీసేముందు చేను చుట్టూ నడుస్తాను. గట్ల వెంట వరసగా పోయే నల్లరాతి కట్ట కనిపిస్తే, నీళ్ళు దానికి ఎగువ పక్క ఆగే అవకాశం ఎక్కువ.

అపోహ: కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుంది

పోదు. నీళ్ళు ఆవిరవుతాయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది, అంటే లీటరుకు ఇంకా పెరుగుతుంది. అది రాతిలోంచి వచ్చేది. నీళ్ళు రాతిలో ఎన్నాళ్ళు నిలిస్తే అంత ఎక్కువ, అందుకే లోతు బోర్లలో చాలాసార్లు ఎక్కువ కనిపిస్తుంది. రుచి, రంగు చూసి పట్టుకోలేరు, పరీక్ష చేయించాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మేలు, వేరే దారి లేనప్పుడు 1.5. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని లోకమంతా 'నల్గొండ టెక్నిక్' అంటుంది. మనకు దక్కిన పేరు అది. ఇప్పుడు ఇంటికి నల్లా నీళ్ళు వస్తుంటే, చప్పగా ఉన్నాయని బోరు నీళ్ళు తాగకండి.

ఫ్లోరైడ్ నీళ్ళతో పిల్లల పళ్ళకు పట్టిన గార చూసి తల్లులు భయపడతారు. అమ్మా, గార కనబడగానే ఎముకలు వంగిపోతాయని కాదు. తాగే నీళ్ళు మార్చండి, డాక్టరుకు చూపించండి.

మిగతావి గబగబా

కృష్ణ దగ్గరే కదా, ఊట మా కిందికి వస్తుంది అంటారు. నది పల్లంలో ఉంది, మన చేను ఎత్తులో ఉంది. మామూలుగా మన ఊటే నదికి దిగుతుంది. మిర్యాలగూడలో బావులు నిండింది సాగర్ ఎడమ కాలువ పారకం వల్ల.

పాలమూరుకు వానల్లేవంటారు. ఏడాదికి ఆరు వందల మిల్లీమీటర్ల పైచిలుకే పడుతుంది. పడే రోజులు తక్కువ. కుంటలో పూడిక తీసిన ఊళ్ళో, కుంట కింది బోరు ఎండాకాలం కూడా పోస్తుంది.

ఫెయిలైన బోరంటే వదిలేసిన బోరు కాదు. కేసింగ్ పైపు పీక్కుపోయి గుంత అట్లనే వదిలితే పిల్లలు పడతారు. ఆ రాత్రే మూత వెయ్యండి.

మర్రిగూడ అన్నదమ్ములకూ ముందు మూత సంగతే చెప్పాను. చేనులో తాతల నాటి మోట బావి ఒకటుందట, సగం చెత్తతో నిండింది, సర్కారు తుమ్మ మొలిచింది. కుంట కట్ట కిందనే ఉందంటున్నారు. ఆదివారం పోతున్నాను. మిషన్ తీసుకుపోవడం లేదు, తాడూ టేపూ చాలు.