మొగలి గట్టు: పంటా, పొదా?

ఇచ్ఛాపురం దాటగానే మొదలయ్యే ఒడిశాలోని గంజాం జిల్లా తీరంలో మొగలి గట్ల, అంటే మొగలి పెంచే పొలం గట్ల, గొడవ మళ్ళీ రాజుకుంది. ఈసారి తగువు పూల ధర మీద కాదు, మట్టిలో దాగిన కార్బన్ మీద. చెట్లు పెంచితే క్రెడిట్లు, అంటే పర్యావరణానికి చేసిన మేలుకు లెక్కగట్టే పాయింట్లు, ఇస్తామంటున్నారు కదా, తరాలుగా ఉన్న మా గట్లకు ఎందుకివ్వరని రైతులు అడుగుతున్నారు. వాళ్ళలో తెలుగు మాట్లాడే కుటుంబాలూ ఉన్నాయి. మొగలి అత్తరు ఘనత, దానికి దక్కిన భౌగోళిక గుర్తింపు అందరికీ తెలిసినవే. అసలు ముడి పడింది 1990ల మధ్యలో.

1995లో టాటా స్టీల్ ఆ జిల్లాలోని గోపాల్‌పూర్ దగ్గర భారీ ఉక్కు కర్మాగారం పెడతామని ముందుకొచ్చింది. వేల ఎకరాలు కావాలన్నారు. ఇవి ఇసుక నేలలు, పల్లపు భూములు, దిగుబడి అంతంతమాత్రం, ఫ్యాక్టరీ వస్తే ఉద్యోగాలొస్తాయి అన్నది ప్రభుత్వం వైపు మాట. సింధిగావ్ లాంటి ఊళ్ళు దీనికి ఒప్పుకోలేదు. నీళ్ళు నిలిచి వరి కుళ్ళిపోయిన ఏడు కూడా గట్టు మీద మొగలి చేతికొస్తుంది. పిలక నాటితే మూడు నాలుగేళ్ళకు పూత మొదలవుతుంది. అమ్ముడయ్యేది మగ పువ్వే. ముళ్ళ ఆకుల మధ్య నుంచి దాన్ని పొద్దున్నే కొక్కెం కర్రతో కోసి, వాసన పోకముందే బట్టీకి చేర్చాలి. అక్కడ రాగి డేగిసాలో ఉడికించి ఆవిరి పడతారు. బేరం తూకం మీద కాదు, పువ్వుల లెక్కన సాగుతుంది. ఏడాదిలో మూడు పూతలు, వానాకాలానిది పెద్దది. ఇంత ఆదాయమిచ్చే నేలను పనికిరానిదని ఎలా అంటారని ఆ ఊళ్ళు ఉద్యమించాయి.

అనుకున్న ఉక్కు కర్మాగారం రాలేదు. తీసుకున్న భూమి చాలా ఏళ్ళకు పారిశ్రామిక పార్కుగా మారింది. కానీ నేలకు విలువ కట్టేటప్పుడు గట్టు లోపలి వరిని పంటగా, గట్టు మీది మొగలిని పొదగా చూసే అలవాటు అప్పుడే స్థిరపడింది. నేటి కార్బన్ లెక్కలోనూ అదే చూపు కనిపిస్తోంది.

ఆ పొద కింద ఏముందో చూడాలంటే గట్టు వార మోకాలి లోతు తవ్వితే చాలు. నల్లటి బురద, కుళ్ళిన గుడ్డు వాసన, ఊడల వెంట తుప్పు రంగు చారలు. నీళ్ళు నిలిచిన మట్టిలోకి గాలి అందదు కాబట్టి రాలిన ఆకూ చచ్చిన వేరూ త్వరగా కుళ్ళవు, వాటిలోని కార్బన్ అక్కడే పేరుకుంటుంది. గట్టు తవ్వి ఆరబెడితే ఆ నిల్వ మెల్లగా గాలిలో కలుస్తుంది. ఒక టన్ను కార్బన్ అలా పోతే 3.67 టన్నుల బొగ్గుపులుసు వాయువు అవుతుంది.

చెట్టును ఛాతీ ఎత్తున, 1.37 మీటర్ల దగ్గర చుట్టుకొలత పట్టి లెక్కగట్టడం అటవీశాఖల పద్ధతి. ఊడల మీద ఒరిగి కిందనుంచే కొమ్మలేసే మొగలికి టేపు ఎక్కడ పెడతారు? మట్టి లెక్క సాధారణంగా పై 30 సెంటీమీటర్లతో ఆగిపోతుంది. కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో తెచ్చిన గ్రీన్ క్రెడిట్ విధానం అటవీశాఖల అధీనంలోని బంజరు, పొదల భూములకు, అదీ కనీసం 5 హెక్టార్ల ముక్కకు, హెక్టారుకు 1,100 చెట్ల లెక్కన పెట్టినది. పట్టా పొలం చుట్టూ తిరిగే సన్నటి గట్టు అందులో ఇమడలేదు. పైగా పొదల భూమి అని రాసుకున్న చోట కొత్త మొక్కల కోసం పాత మొగలినే పీకుతారన్న టెన్షన్ రైతులకు ఉంది.

నీళ్ళు నిలిచే నేల మీథేన్ కూడా వదులుతుంది కదా అన్న అభ్యంతరం నిజమైనదే. కానీ అది ఎక్కువగా వరి మడిలోని నీటి నుంచి వచ్చేది, గట్టు మీద మొగలిని పీకితే ఆగేది కాదు.

2013 విడిగా చెప్పాలి. ఆ జనవరిలో ఒడిశాలో గుట్కా నిషేధం వచ్చింది, సువాసన కోసం గుట్కాలో కలిపే మొగలి సారం గిరాకీకి పెద్ద దెబ్బ తగిలింది. అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. సరుగుడు తోటలు నేలకూలాయి. మొగలికీ నష్టం జరిగింది, అయితే ఊడలు మిగిలిన చోట మళ్ళీ చిగురేసింది. గిరాకీ లేక గట్టు నరికి చదును చేద్దామనుకునే రైతును ఆపేది ఇప్పుడు పూల డబ్బొక్కటే కాకూడదు.

తేలాల్సిన చిక్కు ఇంకొకటి ఉంది. పట్టా ఒకరిది, పూలు కోసేది కౌలు రైతు, కొన్ని గట్లు ప్రభుత్వ భూమి అంచున ఉన్నాయి. కార్బన్ సొమ్మంటూ వస్తే పట్టా చూసి ఇస్తారా, ఇన్నేళ్ళు ఆ గట్టు నిలబెట్టిన చేతికిస్తారా అన్నది ముందే రాసుకోవాలి. ఏ గట్టునైనా పీకే ముందు ఒక మీటరు లోతు దాకా మట్టి కొలవాలి.