మూడేళ్ల ప్రాక్టీసు: 2002లో తెరిచిన తలుపు ఎందుకు మూసుకుంది?

లా పట్టా చేతికి రాగానే, కింది కోర్టుల్లో మొదటి మెట్టయిన జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయనివ్వాలా వద్దా అన్న వాదన మళ్లీ రాజుకుంది. ముందు మూడేళ్లు ప్రాక్టీసు చేసి రావాల్సిందేనని 2025 మే 20న సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్. గవాయ్ ధర్మాసనం ఇచ్చిన ఆ తీర్పు లా విద్యార్థులందరికీ తెలిసిందే. అయితే, అసలు పేచీ ఎక్కడ మొదలైందో తెలియాలంటే 2002కి వెళ్లాలి.

ఆ ఏడాది మార్చి 21న, 2025 తీర్పు కూడా వచ్చిన అఖిల భారత న్యాయమూర్తుల సంఘం కేసులోనే, సుప్రీంకోర్టు దీనికి పూర్తిగా ఎదురుమాట చెప్పింది. కింది కోర్టుల జడ్జీల జీతాలు, సర్వీసు పరిస్థితులను పరిశీలించిన జస్టిస్ కె. జగన్నాథ శెట్టి కమిషన్ సిఫార్సు దానికి ఆధారం. తెలివైన పిల్లలు మూడేళ్లు ప్రాక్టీసు చేసి కాస్త నిలదొక్కుకున్నాక కింది కోర్టు జడ్జి ఉద్యోగం వైపు చూడటం లేదని కమిషన్ గమనించింది. కోర్టు ఒప్పుకుని, 1993లో తానే పెట్టిన మూడేళ్ల నిబంధనను తీసేసింది.

ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది. కొత్తగా చేరినవారికి ఏడాదికి తగ్గకుండా, వీలైతే రెండేళ్లు, శిక్షణ ఇవ్వాలని. నా దృష్టిలో ఈ గొడవంతా ఆ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతోంది. అనుభవం లేనివారిని తీసుకోవడం, తీసుకున్నాక గట్టిగా తర్ఫీదు ఇవ్వడం - ఈ రెండూ కలిస్తేనే 2002 నిర్ణయానికి అర్థం. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ప్రయోగం ఫలించలేదని కోర్టు అంది. విఫలమైంది పిల్లలా, వాళ్లకు అందిన శిక్షణా? ఈ రెండో ప్రశ్నను విడిగా తేల్చాకే తలుపు మూయాల్సింది.

అవతలివారి వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. కుర్చీలో కూర్చున్న మొదటి రోజు నుంచే జడ్జి మనుషుల ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి, పరువు మీద నిర్ణయాలు చేస్తారు. పుస్తకాలతో అది రాదు. 1993లోనూ, 2025లోనూ కోర్టు చెప్పింది ఇదే. హైకోర్టుల్లో ఎక్కువ భాగం దీన్నే సమర్థించాయి.

కానీ ఆ మూడేళ్లు ఎలా గడుస్తాయో చూడాలి. ఉదయం పదిన్నరకి కేసు పిలుస్తారు. కేసు కట్ట పట్టుకుని లేచిన జూనియర్ లాయరు "మా సీనియర్ గారు పక్క కోర్టులో ఉన్నారు, పాస్ ఓవర్ ఇవ్వండి" అని, అంటే కేసును కాసేపాగి మళ్లీ పిలవమని, అడుగుతుంది. మధ్యాహ్నం మళ్లీ అదే మాట, సాయంత్రానికి వాయిదా. మరుసటి తేదీ డైరీలో రాసుకుని ఆఫీసుకి వెళ్తుంది. సాక్షిని ఒక్క ప్రశ్న అడగకుండానే నెలలు గడిచిపోతాయి. రికార్డులో మాత్రం అదీ ప్రాక్టీసే. చివరికి పదేళ్ల అనుభవం ఉన్న అడ్వకేటు ఇచ్చిన సర్టిఫికెట్ మీద జిల్లా ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరణ పడితే చాలు.

ఖర్చు సంగతి మరీ కష్టం. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలకు తగ్గకుండా స్టైపెండ్ ఇవ్వాలని 2024 అక్టోబరులో లాయర్ల నియంత్రణ సంస్థ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సర్క్యులర్ ఇచ్చింది. అది సూచన మాత్రమే, సీనియర్లకు తప్పనిసరి కాదు. ఇంటర్ తర్వాత అయిదేళ్ల లా చదివిన అమ్మాయికి అప్పటికే ఇరవై మూడేళ్లు వస్తాయి. సంబంధాలు చూస్తున్న ఇంట్లో, జీతం లేకుండా ఇంకో మూడేళ్లు అడగటం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

ఒక్క విషయంలో కోర్టు పిల్లల వైపు ఆలోచించింది. లాయర్లు రాయాల్సిన అర్హత పరీక్ష ఆలిండియా బార్ ఎగ్జామ్ పాసైన రోజు నుంచి కాక, లాయరుగా తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ (పేరు నమోదు) జరిగిన తేదీ నుంచే ప్రాక్టీసు లెక్కించమంది. జడ్జీల దగ్గర సహాయకులుగా, అంటే లా క్లర్కుగా, పనిచేసిన కాలాన్నీ కలుపుకోవచ్చంది. అదే తీర్పులో, ఎంపికైనవారు కోర్టులో కూర్చునే ముందు కనీసం ఏడాది శిక్షణ పొందాలని కూడా రాసింది. 2002లో రాసిన ఏడాదే అది. ఈసారి దానికి ముందు మూడేళ్లు కలిశాయి.