నవ్వించే దెయ్యం భయపెట్టదా? టీనేజ్ హారర్ కామెడీపై కొన్ని అపోహలు, వాస్తవాలు

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పాఠకుల కోసం దెయ్యాల కథలు రాస్తాను. భయపెడుతూనే నవ్వించే కథలు. ఈ తరహా రాతను తేలిగ్గా తీసిపారేసేవాళ్లు చాలామంది. రాద్దామని ఉత్సాహంగా వచ్చే కొత్తవాళ్లలో కూడా కొన్ని అపోహలు బాగా నాటుకుపోయి ఉంటాయి.

అపోహ: నవ్వొస్తే భయం పోతుంది. రెండూ ఒక ఒరలో ఇమడవు.

వాస్తవం: భయపడుతున్న పాఠకుడు కాచుకుని కూర్చుంటాడు. తర్వాతి పేరాలో ఏదో వస్తుందని అతనికి ముందే తెలుసు. నవ్వితే ఆ బిగువు సడలుతుంది, అసలు దెబ్బ అప్పుడు పడాలి. ఒక సన్నివేశం చూడండి. హాస్టల్లో కరెంటు పోయింది. వరండా చివర అడుగుల చప్పుడు. గదిలో ఇద్దరు స్నేహితులు.

"ఒరేయ్, అది దెయ్యమైతే?"

"అయితే మంచిదేగా. రేపు ఫిజిక్స్ పరీక్ష వాయిదా పడుద్ది."

ఇద్దరూ పగలబడి నవ్వారు. మంచం కింద నుంచి మూడో నవ్వు వినబడింది.

ఇందులోంచి జోకు తీసేయండి. మూడో నవ్వుకు చోటే ఉండదు. భయం నడిచి వచ్చిందే ఆ జోకు మీదుగా. పైగా ఆ కుర్రాడికి దెయ్యం కన్నా ఫిజిక్స్ అంటేనే ఎక్కువ భయమని ఒక్క ముక్కలో తెలిసిపోయింది. అయితే మూడో నవ్వు తర్వాత కాసేపు ఒక్క జోకు కూడా వేయకూడదు. అక్కడా నవ్వించబోతే వాళ్లకేమీ కాదని పాఠకుడు పసిగట్టేస్తాడు, ఇక భయపడడు.

అపోహ: కామెడీ కావాలంటే దెయ్యాన్ని బఫూన్‌ని చేయాలి.

వాస్తవం: దెయ్యం తన పనిని ఎంత శ్రద్ధగా చేస్తే అంత నవ్వొస్తుంది. ఆస్కార్ వైల్డ్ 1887లో ప్రచురించిన 'ది కాంటర్‌విల్ ఘోస్ట్' చదవండి. ఇంగ్లండులో ఒక పాత భవంతి. దాన్ని ఒక అమెరికన్ కుటుంబం కొంటుంది. భార్యను చంపిన సర్ సైమన్ మూడు వందల ఏళ్లుగా అక్కడ దెయ్యమై తిరుగుతున్నాడు. నేల మీది నెత్తుటి మరకను ఆ ఇంటి పెద్దకొడుకు మరకలు పోగొట్టే మందుతో తుడిచేస్తాడు. గొలుసులు కిర్రుమంటున్నాయి, ఈ నూనె రాసుకోమని ఇంటాయన సీసా ఇస్తాడు. దెయ్యం మాత్రం పట్టు వదలదు. ఆ ఇంటి అమ్మాయి, పదిహేనేళ్ల వర్జీనియా దగ్గరున్న రంగుల పెట్టె దొంగిలించి రోజూ మరకను మళ్లీ దిద్దుతుంది. ఎరుపు అయిపోయాక ఒకరోజు ఆ నెత్తురు ఆకుపచ్చగా కనిపిస్తుంది!

ఇక్కడ సర్ సైమన్ ఒక్క జోకు కూడా వేయడు. అవమానంతో కుమిలిపోతాడు. అందుకే చివర్లో, మూడు వందల ఏళ్లుగా నిద్ర లేదని అతను వర్జీనియాతో చెప్పుకుంటుంటే మన గొంతు పట్టేస్తుంది. మొదటి నుంచీ అతన్ని బఫూన్‌గా చూపించి ఉంటే ఆ మాటకు విలువే ఉండేది కాదు.

అపోహ: ఇది సినిమాల నుంచి వచ్చిన కొత్త ఫ్యాషన్, మనది కాదు.

వాస్తవం: అర్ధరాత్రి శ్మశానంలో విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుంటాడు. ఆ శవంలోని బేతాళుడు "శ్రమ తెలియకుండా కథ చెబుతాను విను" అంటాడు. చందమామలో తరాల పిల్లలు చదివిన కథలివి. భయంకరమైన చోటును, చమత్కారమైన చిక్కుప్రశ్నను అవి హాయిగా కలిపి నడిపించాయి.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే, మన ఊళ్లలో తలుపుల మీద రాసుకున్న "ఓ స్త్రీ రేపు రా". రాత్రిపూట ఆడ దెయ్యం వచ్చి తలుపు తడుతుందని పుకారు. ఆ రాత చదివి వెళ్లిపోతుందట, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుతుందట. ఆ దెయ్యానికి చదువొచ్చు, చెప్పిన మాట వింటుంది. తలచుకుంటే నవ్వొస్తుంది. కానీ సుద్దముక్కతో అది రాసినవాళ్లు నిజంగానే వణికిపోయారు. టీనేజ్ నవలకు ఇంతకంటే మంచి ముడిసరుకు నాకు కనబడదు.

అపోహ: పెద్దల హారర్‌లో రక్తం తగ్గిస్తే టీనేజ్ పుస్తకం.

వాస్తవం: అమెరికన్ రచయిత ఆర్. ఎల్. స్టైన్ హారర్‌కు రాకముందు పిల్లల కోసం జోకుల పుస్తకాలు రాశాడు, ఒక హాస్య పత్రికకు సంపాదకుడిగా పనిచేశాడు. 1989లో టీనేజర్ల కోసం 'ఫియర్ స్ట్రీట్', 1992లో ఇంకా చిన్నవాళ్ల కోసం 'గూస్‌బంప్స్' అనే హారర్ పుస్తకాల వరసలు మొదలుపెట్టాడు. మొదటిదాంట్లో హత్యలున్నాయి, రెండోదాంట్లో చావులు దాదాపు ఉండవు. రక్తం సంగతి అంతవరకే. టీనేజ్ పుస్తకానికి అసలు కావలసింది ఆ వయసు భయం: మారిపోతున్న ఒళ్లు, దూరమవుతున్న స్నేహితురాలు, చెప్పినా నమ్మని పెద్దవాళ్లు. దెయ్యం వీటిలో ఒకదాని మీద చెయ్యి వేయకపోతే ఎంత రక్తం పోసినా దండగే.

అపోహ: సినిమాలో పేలిన పంచ్ పేజీ మీదా పేలుతుంది.

వాస్తవం: పేజీకి నేపథ్య సంగీతం లేదు, నటుడి ముఖం లేదు. ఉన్నదల్లా వాక్యమే. ఎవరు చేశారన్నది చివరిదాకా దాచిపెట్టడం తెలుగు వాక్యానికి చాలా సులువు. "తలుపు తట్టింది, పేరు పెట్టి పిలిచింది, పాలు తాగావా అని అడిగింది, పక్కింటివాళ్ల చిలక." మూడో అధ్యాయంలో ఇలా నవ్వించండి. ఎనిమిదో అధ్యాయంలో అదే వాక్యం మళ్లీ రాయండి, చిలక ఉన్న చోట మాత్రం పోయినేడు చనిపోయిన నానమ్మను పెట్టండి.