మూడేళ్ల పిల్లలు ఏ శాఖ పిల్లలు? అంగన్‌వాడీ – ప్రీ ప్రైమరీ వివాదం వెనుక కథ

సర్కారు బడుల్లో ప్రీ ప్రైమరీ తరగతుల మీద గొడవ మళ్లీ రాజుకుంది. తెలంగాణలో 2025–26 విద్యా సంవత్సరంలో రెండు వందలకు పైగా ప్రభుత్వ పాఠశాలల్లో ఈ తరగతులు మొదలై, తర్వాత మరిన్ని బడులకు పాకాయి. బడులు విద్యాశాఖవి, అంగన్‌వాడీలు స్త్రీ, శిశు సంక్షేమ శాఖవి. ఆ తరగతులు మా కేంద్రాల్లోనే నడపాలని అంగన్‌వాడీ టీచర్లు పట్టుబడుతున్నారు. కర్ణాటకలో 2024లో ఎల్‌కేజీ, యూకేజీల విషయంలో ఇదే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలను ప్రీ ప్రైమరీ స్కూళ్లని పేరు మార్చి, పీపీ–1, పీపీ–2 అని తరగతులు కట్టి, ఫౌండేషన్ స్కూళ్లని వర్గాలు చేసి, బడుల విభజనను మళ్లీ తిరగరాసిన సంగతి చూశాం.

ఈ వార్తలు రాసేవాళ్లు సాధారణంగా 2020 జాతీయ విద్యా విధానం దగ్గర మొదలుపెడతారు. మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే ‘పునాది దశ’ అని ఆ విధానం చెప్పింది కాబట్టి మూడేళ్ల పిల్లలు బడికి వచ్చారు, కాబట్టి అంగన్‌వాడీలకు టెన్షన్ పట్టుకుంది అన్నది ఆ కథ. అది సగం మాత్రమే నిజం. అసలు మలుపు అంతకు దాదాపు ఇరవై ఏళ్ల ముందే వచ్చింది.

అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) పుట్టుక గురించి అందరికీ తెలిసిందే. 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో మొదలైంది. అందులో ఈ వివాదానికి పనికొచ్చే సంగతి ఒక్కటే. ఆరు సేవల్లో పూర్వ ప్రాథమిక విద్య మొదటి రోజు నుంచీ ఉంది. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆస్పత్రికి పంపడం (రిఫరల్), తల్లులకు అవగాహన, వీటితో పాటే మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటల చదువు. అంతకు ముందు 1972లో మీనా స్వామినాథన్ నాయకత్వంలోని అధ్యయన బృందం కూడా తిండి, ఆరోగ్యం, చదువు విడదీయకూడదనే చెప్పింది. ఇవాళ కొందరు అధికారులు ‘అంగన్‌వాడీ అంటే గుడ్లు, పాలు పంచే చోటు, చదువు బడి పని’ అంటున్నారంటే, అలా పుట్టింది కాదు, అలా తయారుచేశాం. ఎలా తయారుచేశామన్నదే అసలు కథ.

దానికి 2001 నవంబర్ 28కి వెళ్లాలి. ఆ రోజు ఢిల్లీలో రెండు వేర్వేరు చోట్ల ఆరేళ్లలోపు పిల్లల గురించి రెండు నిర్ణయాలు జరిగాయి.

ఒకటి సుప్రీంకోర్టులో. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన ఆహార హక్కు కేసులో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. ఆరేళ్లలోపు ప్రతి బిడ్డకూ రోజుకు 300 కేలరీలు, 8 నుంచి 10 గ్రాముల ప్రొటీన్ ఇవ్వాలి, ప్రతి ఆవాసానికీ ఒక కేంద్రం ఉండాలి అని కోర్టు చెప్పింది. అది దయ కాదు, హక్కు. అమలు చూడటానికి తర్వాతి ఏడాది కోర్టు కమిషనర్లను కూడా పెట్టింది. వాళ్లలో ఒకరు మన రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్. 2006 డిసెంబర్‌లో కోర్టు ఇంకో అడుగు వేసింది. 2008 డిసెంబర్ నాటికి దేశంలో 14 లక్షల కేంద్రాలు ఉండాలని, 40 మంది పిల్లలున్న ఆవాసం అడిగితే కేంద్రం ఇవ్వాలని చెప్పింది.

రెండోది లోక్‌సభలో. విద్యను ప్రాథమిక హక్కు చేసే రాజ్యాంగ సవరణ బిల్లు అదే రోజు అక్కడ ఆమోదం పొందింది. 2002 డిసెంబర్‌లో 86వ సవరణగా చట్టమైంది. అందరం పండగ చేసుకున్న సవరణే. కానీ ఆ హక్కు ఆరేళ్ల నుంచి 14 ఏళ్ల వరకే. ఆరులోపు పిల్లల్ని, కోర్టులో నిలదీయడానికి వీల్లేని ఆదేశిక సూత్రాల్లోని 45వ అధికరణంలోకి పంపారు. వాళ్ల సంరక్షణ, విద్య కోసం ప్రభుత్వం ‘ప్రయత్నిస్తుంది’ అని రాశారు. పుట్టుక నుంచి 14 ఏళ్ల దాకా పిల్లలందర్నీ కలపాలని ఆ రోజు ఢిల్లీలో వేలమంది ప్రదర్శన చేశారు. సభలోనూ అడిగినవాళ్లున్నారు. ఫలితం లేకపోయింది.

ఇందులో పోయిందేమిటో తెలియాలంటే పాత 45వ అధికరణం చూడాలి. 14 ఏళ్లు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అని అందులో ఉండేది. కింది వయసుకు గీత లేదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు 21వ అధికరణంలోని జీవించే హక్కును ఆ అధికరణంతో కలిపి చదివి 14 ఏళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కు అని తేల్చింది. ఆ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల ఫీజుల దగ్గర మొదలైన తగాదా అది. ఆ తీర్పు ప్రకారం చూస్తే మూడేళ్ల పిల్ల చదువూ హక్కులోకే వస్తుంది. తొమ్మిదేళ్ల తర్వాత చేసిన సవరణ ఒక చేత్తో హక్కును రాజ్యాంగంలోకి ఎక్కించి, ఇంకో చేత్తో ఆరేళ్లలోపు వాళ్లను అందులోంచి దించింది.

ఒకే రోజు వచ్చిన ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తర్వాతి పాతికేళ్లు అర్థమవుతాయి. అంగన్‌వాడీలో బిడ్డకు అన్నం హక్కయింది. అదే అంగన్‌వాడీలో అదే బిడ్డ చదువు మాత్రం ప్రభుత్వ ఇష్టానికి వదిలేసిన సంగతైంది. హక్కు అయినదానికి కోర్టు లెక్క అడుగుతుంది, కమిషనర్లు వస్తారు, రిజిస్టర్లు పుడతాయి, 2013లో ఆహార భద్రతా చట్టం వస్తుంది. ఇష్టానికి వదిలేసినదానికి ఏమీ రాదు. నెలవారీ నివేదికలో ఎన్ని గుడ్లు పంచారో, ఎంతమందిని తూచారో ఉంటుంది. పిల్లలకు కొత్తగా ఎన్ని పాటలు వచ్చాయో ఏ సూపర్‌వైజరూ అడగరు.

ఇవాళ పొద్దున పది గంటల వేళ ఏ అంగన్‌వాడీకి వెళ్లినా ఇది కళ్లకు కడుతుంది. గది ఒక్కటే. ఒక మూల చిన్నపిల్లల పోషకాహార పొడి బాలామృతం ప్యాకెట్లు, ట్రేల్లో గుడ్లు. మూడేళ్లలోపు బిడ్డ తల్లి ప్యాకెట్ కోసం వచ్చి నిలబడి ఉంటుంది. ఆమె ముఖం ఫోన్‌లో సరిపోలితే తప్ప పోషణ్ ట్రాకర్ యాప్‌లో సరుకు ఇచ్చినట్టు ఎక్కదు. 2025 జులై నుంచి అది తప్పనిసరి. టీచర్ ఆమెను వెలుతురులోకి పిలిచి, కళ్లు ఆర్పమని, మళ్లీ ఆర్పమని చెబుతూ ఉంటుంది. నెట్ తిరుగుతూనే ఉంటుంది. వెనక చాప మీద పదిమంది పిల్లలు. వాళ్ల చేతికి రంగు దిమ్మలు ఇచ్చి కూర్చోబెట్టింది ఆయా. ఆమె చెవి మాత్రం పొయ్యి మీది పప్పు వైపు ఉంటుంది. ఈ గదిలో చదువు సరిగా సాగడం లేదన్న మాట నిజమే. ఎందుకు సాగడం లేదో కూడా ఆ గదిలోనే కనిపిస్తుంది.

2009లో విద్యాహక్కు చట్టం వచ్చినప్పుడు ఆరేళ్ల దగ్గర గీసిన గీతను సరిచేసే అవకాశం మళ్లీ దొరికింది. చేయలేదు. మూడేళ్లు దాటిన పిల్లలకు ఉచిత పూర్వ ప్రాథమిక విద్య కోసం ప్రభుత్వాలు ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అని 11వ సెక్షన్‌లో రాసి వదిలేశారు. దాన్ని ‘చేయాలి’గా మార్చమని జస్టిస్ ఏ.పీ. షా అధ్యక్షతన లా కమిషన్ 2015లో తన 259వ నివేదికలో స్పష్టంగా సిఫారసు చేసింది. ఆరేళ్లలోపు పిల్లల హక్కు కోసం రాజ్యాంగంలో కొత్త అధికరణం కూడా పెట్టమంది. ఆ నివేదిక అక్కడే ఉంది. 2020 విద్యా విధానం ఘనంగా మాట్లాడింది కానీ, విధానం చట్టం కాదు. 11వ సెక్షన్ ఇప్పటికీ అలాగే ఉంది.

ఈ బలహీనమైన సెక్షనే అంగన్‌వాడీ టీచర్లకు ఒకచోట కొండంత అండ అయింది. ఇప్పటి ఆందోళనలో నినాదాల కింద దాగి ఉన్న విషయం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

వీళ్లకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. కేంద్రం లెక్కలో టీచర్‌కు నెలకు 4,500 రూపాయలు, ఆయాకు 2,250. 2018లో పెంచిన మొత్తం అది. మిగిలింది రాష్ట్రాలు కలుపుతాయి. వీళ్లవి ప్రభుత్వ పోస్టులు కావని 2006 డిసెంబర్‌లో అమీర్బీ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. పథకం కింద పనిచేసేవాళ్లే తప్ప చట్టబద్ధమైన పదవులు కావన్నది అప్పటి వాదన. 2022 ఏప్రిల్ 25న గుజరాత్‌కు చెందిన మణిబెన్ కేసులో జస్టిస్ అజయ్ రస్తోగీ, జస్టిస్ అభయ్ ఎస్. ఓకా ఇచ్చిన తీర్పు దీన్ని మార్చింది. టీచర్లు, ఆయాలు గ్రాట్యుటీకి అర్హులని అందులో తేల్చారు. దానికి చూపిన ఆధారాలు రెండు. ఆహార భద్రతా చట్టం కింద అంగన్‌వాడీకి చట్టబద్ధమైన బాధ్యత ఉంది. రెండోది, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య నడపడం విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ కిందికి వచ్చే పని, అంటే అది విద్యా కార్యక్రమం.

ఇప్పుడు నాలుగైదేళ్ల పిల్లలు పక్కనున్న బడికి పోతే, ఆ రెండో ఆధారం కిందినుంచి జారిపోతుందన్నది నా అంచనా. చాపమీద పిల్లలు తగ్గితే కేంద్రాన్ని పక్క కేంద్రంలో కలిపేస్తారన్న భయం మీదికి కనిపించేది. దాని కింద ఉన్నది ఇంకా పెద్దది. చదువు చెప్పే మనిషి అన్న గుర్తింపు దాదాపు యాభై ఏళ్ల తర్వాత కోర్టు కాగితం మీద వచ్చింది. వచ్చిన కొన్నేళ్లకే ఆ చదువును వేరేవాళ్ల చేతికి ఇస్తున్నారు. 2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించినా కదలలేదు. వాళ్ల డిమాండ్లలో వేతనాల పెంపుతో పాటు గ్రాట్యుటీ అమలు కూడా ఎందుకుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

విద్యాశాఖ వాదనా ఉంది. ఊళ్లలో తల్లిదండ్రులు మూడున్నరేళ్లకే పిల్లల్ని బస్సెక్కించి ప్రైవేటు ఎల్‌కేజీకి పంపుతున్నారు. అక్కడ చేరిన పిల్ల ఒకటో తరగతికి సర్కారు బడికి తిరిగి రాదు. బడి నిలబడాలంటే కిందినుంచే పట్టుకోవాలని వాళ్లంటారు. ఆ లెక్కలో తప్పు లేదు. కానీ అది బడిని కాపాడుకునే లెక్క. నాలుగేళ్ల పిల్లకు ఏం కావాలన్న ప్రశ్న అందులో ఎక్కడో వెనకబడింది. బడిలో పెడితే అక్షరాలు, హోంవర్కు ఏడాది ముందుకు జరిగే ప్రమాదం ఉంది. పైగా మన రెండు రాష్ట్రాల్లో చాలాకాలంగా ఐదేళ్లు నిండితే ఒకటో తరగతే. ఆరేళ్లు నిండాలని కేంద్రం లేఖల మీద లేఖలు రాసింది. అంగన్‌వాడీకి చట్టప్రకారం ఆరేళ్ల దాకా పిల్లలున్నా, ఆఖరి ఏడాది పిల్లల్ని మనం ఎప్పుడో ఖాళీ చేయించాం.

తమిళనాడు అనుభవం రెండు వైపులా పాఠం చెబుతుంది. 2019లో అక్కడ ప్రాథమికోన్నత పాఠశాలల ఆవరణల్లోని 2,381 అంగన్‌వాడీల్లో ఎల్‌కేజీ, యూకేజీ పెట్టి, బడుల్లోని మిగులు టీచర్లను అక్కడికి పంపారు. పెద్ద తరగతుల టీచర్లకు ఆ పని నచ్చలేదు. 2022లో ఆపేస్తామని ప్రకటించి, విమర్శలు రావడంతో వెనక్కి తగ్గి కొనసాగించారు. అదే రాష్ట్రంలో ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, సహ పరిశోధకులు 320 అంగన్‌వాడీల్లో ఒక ప్రయోగం చేశారు. సగం కేంద్రాలకు చదువు కోసమే ఒక మనిషిని, అదీ సగం పూట పనికి, అదనంగా ఇచ్చారు. కేంద్రంలో చదువు సమయం రెట్టింపయింది. లెక్కల్లో, భాషలో పిల్లలు ముందుకెళ్లారు. పాత టీచర్‌కు చేయి ఖాళీ కావడంతో తీవ్ర పోషకాహార లోపం, ఎదుగుదల లోపం కూడా తగ్గాయి. చదువునూ తిండినీ విడదీయకుండానే రెండూ బాగుపడ్డాయి. ప్రీ ప్రైమరీ కోసం పెట్టే ఆ అదనపు మనిషిని బడిలో కాకుండా అంగన్‌వాడీలోనే పెట్టమని మన టీచర్లు అడుగుతున్నారంటే, ఆ మాట వెనక ఇంత ఆధారం ఉంది. చర్చల బల్ల మీద దీన్ని ఎవరూ పెట్టకపోవడం బాధ కలిగిస్తోంది.

విద్యా విధానం సైతం అంగన్‌వాడీ టీచర్లను పక్కన పెట్టమని చెప్పలేదు. ఇంటర్ చదివినవాళ్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా ఇచ్చి, వాళ్లతోనే చెప్పించమని అందులో ఉంది. 2023 మేలో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ ‘పోషణ్ భీ, పఢాయీ భీ’ (పోషణతో పాటు చదువూ) శిక్షణ మొదలుపెట్టిందీ అందుకే. శిక్షణ ఒక శాఖ ఇస్తోంది, పిల్లల్ని ఇంకో శాఖ తీసుకెళ్తోంది.

ఈ గొడవలో ఎవరూ పట్టించుకోని వయసు ఇంకొకటుంది, సున్నా నుంచి మూడు. వాళ్లను ఏ శాఖా నాకు కావాలని అడగడం లేదు. బాలామృతం ప్యాకెట్, టీకాల కార్డు, నెలకోసారి తూకం, వాళ్లకు మన వ్యవస్థ ఇచ్చేది దాదాపు అంతే. కూలికి వెళ్లే తల్లి బిడ్డను ఎక్కడ వదలాలి? 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ 50 మంది, అంతకుమించి పనిచేసేచోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలంది. పొలానికి వెళ్లే మనిషికి అది వర్తించదు. అంగన్‌వాడీల్లోనే క్రెష్‌లు నడిపే పాల్నా పథకం ఉంది కానీ, అవసరం ముందు అది చాలా చిన్నది. నాలుగైదేళ్ల పిల్లల్ని బడికి ఇచ్చేస్తే అంగన్‌వాడీకి మిగిలేది ఈ వయసే. వాళ్ల కోసం పూర్తి రోజు క్రెష్, అదనపు ఆయా, జీతాలకు బడ్జెట్, ఇవేవీ ప్రస్తుత ప్రతిపాదనల్లో లేవు.