గోడలోని ప్లగ్ పాయింటు, నేల మీది ఎక్స్‌టెన్షన్ బాక్సు

ముప్పై, నలభై ఏళ్ల కిందట కట్టిన ఇళ్లలో సాధారణంగా గదికి ఒక స్విచ్‌బోర్డు, ఆ బోర్డులో లైట్ల స్విచ్‌లు, ఫ్యాను రెగ్యులేటరు, ఒక మూలన ఒకే ఒక ప్లగ్ పాయింటు ఉండేవి. రేడియోకో, ఇస్త్రీపెట్టెకో అది సరిపోయేది. ఇప్పుడదే గదిలోకి టీవీ, సెట్‌టాప్ బాక్సు, వైఫై రూటరు, ల్యాప్‌టాప్, ఫోన్ చార్జర్లు వచ్చి చేరాయి కాబట్టి మంచం కిందుగా ఎక్స్‌టెన్షన్ బాక్సు తీగ పాకుతూ కనిపించడం మామూలైపోయింది. చూసినవారు గోడ కొట్టించి కొత్త పాయింట్లు పెట్టించుకోమంటారు. సలహా మంచిదే గాని, అది సగం మాటే. తీగ మందం, దాని గుండా పారే కరెంటు, అతుకుల బిగువు అనే మూడూ కుదరకపోతే గోడలోని పాయింటు కూడా కంటికి కనబడని ఎక్స్‌టెన్షన్ బాక్సే అవుతుంది.

మన ఇళ్లకు వచ్చే సరఫరా 230 వోల్టులు. పరికరం మీద రాసి ఉన్న వాట్లను 230తో భాగిస్తే అది తీసుకునే కరెంటు సుమారుగా ఆంపియర్లలో తెలుస్తుంది. పైన చెప్పిన టీవీ, రూటరు, చార్జర్లు అన్నీ కలిసి 300 వాట్లు తీసుకున్నా కరెంటు 1.3 ఆంపియర్లే, మంచి 6 ఆంపియర్ల బాక్సుకు అది లెక్కలోకి రాని భారం. అదే బాక్సుకు 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ తగిలిస్తే 8.7 ఆంపియర్లు, పక్కనే 1000 వాట్ల ఇస్త్రీపెట్టె పెడితే మరో 4.3, మొత్తం 13. పరిమితికి రెట్టింపు పైచిలుకే కదా అనిపిస్తుంది. అయితే తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని (కరెంటును దానితోనే గుణిస్తే వచ్చే సంఖ్యను) బట్టి పెరుగుతుందని 1840 ప్రాంతంలోనే జేమ్స్ జౌల్ ప్రయోగాలతో తేల్చాడు. ఆ లెక్కన 6 ఆంపియర్ల దగ్గర పుట్టే వేడితో పోలిస్తే ఇక్కడ పుట్టేది నాలుగున్నర రెట్లకు పైమాటే.

ఐదు మీటర్ల పొడవు, 0.75 చదరపు మిల్లీమీటర్ల మందం గల రాగి తీగనే తీసుకుందాం. రానూ పోనూ పది మీటర్ల రాగికి నిరోధం సుమారు 0.23 ఓములు. ఒక్క ఇండక్షన్ స్టవ్‌కే అందులో దాదాపు 17 వాట్ల వేడి పుడుతుంది. తీగ నేల మీద పరిచి ఉంటే ఆ వేడిని గాలి తీసుకుపోతుంది. అందంగా చుట్టచుట్టి కట్టినా, కార్పెట్ కింద దాచినా వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది; తీగ మీది మామూలు పి.వి.సి. తొడుగు తట్టుకోవలసిన హద్దు 70 డిగ్రీల సెల్సియస్ మాత్రమే.

అసలు ఎక్కువ చేటు జరిగేది తీగలో కన్నా అతుకు దగ్గర. సాకెట్ లోపల పిన్నును పట్టుకునేది ఇత్తడి రేకుల బిగువే. వాడగా వాడగా ఆ రేకులు వదులైతే పిన్ను ఒకటి రెండు చోట్ల మాత్రమే ఆనుతుంది. అక్కడ 0.1 ఓము నిరోధం ఏర్పడినా 8.7 ఆంపియర్ల దగ్గర ఏడున్నర వాట్ల వేడి ఆవగింజంత జాగాలో పుడుతుంది. ఆ వేడికి లోహం మీద ఆక్సైడు పొర పేరుకుంటుంది, రేకు మరింత వదులవుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. రంధ్రం చుట్టూ గోధుమరంగు మరక, నల్లబడిన పిన్ను, కాలిన ప్లాస్టిక్ వాసన దీని గుర్తులు. ఏ దేశపు పిన్నైనా పట్టేలా చేసిన రంధ్రాల్లో ఈ వదులు మరీ ఎక్కువ.

ఇంత జరుగుతున్నా ఎం.సి.బి. (కరెంటు హద్దు మీరితే దానంతటదే సరఫరా ఆపే స్విచ్) పడిపోదేమని అడగవచ్చు. వదులు అతుకు వల్ల కరెంటు పెరగదు, పైగా కొద్దిగా తగ్గుతుంది; కాబట్టి ఎం.సి.బి.కి అది తెలిసే వీలే లేదు. పైగా దాన్ని పెట్టింది గోడలోని తీగను కాపాడడానికి. ప్రమాణాల ప్రకారం 16 ఆంపియర్ల ఎం.సి.బి. 18 ఆంపియర్ల దగ్గర గంటసేపటి వరకూ పడిపోకూడదు. ఈలోగా బాక్సుకున్న సన్నటి తీగ ఏమైనా దానికి పట్టదు. బ్రిటన్‌లో ప్రతి ప్లగ్గులోనూ విడిగా ఒక ఫ్యూజు ఉంటుంది గనుక అక్కడ ఈ లోటు చాలావరకు తీరింది. మన ప్లగ్గుల్లో ఆ ఏర్పాటు లేదు.

ఇక కొత్త పాయింటు సంగతి. పాత పాయింటు నుంచి లూపు లాగి రెండో సాకెట్ పెడితే రంధ్రాలు పెరుగుతాయే గాని, వెనక ఉన్న తీగ మోయగల కరెంటు పెరగదు. చార్జర్ల కోసమైతే ఇది చాలు. వంటింట్లో ఇండక్షన్ స్టవ్‌కు, స్నానాలగదిలో గీజరుకు అయితే ఎం.సి.బి.లు ఉండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి విడిగా తీగ, విడిగా ఎం.సి.బి., 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి. ఆ తీగ మందం 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గీజరుకు, ఏసీకి 4 వేయించడం మేలు. ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగ్ పరీక్ష, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు నేలలోకి లీకైతే సరఫరా ఆపే స్విచ్) కూడా ఆ పనిలోనే చేయించుకోవచ్చు. అద్దె ఇల్లయితే గోడ కొట్టనక్కరలేదు, పి.వి.సి. కేసింగ్‌లో పైనుంచే తీగ లాగవచ్చు.

బాక్సు కొనక తప్పనప్పుడు రంధ్రాల సంఖ్య కన్నా ముందు తీగ మీది అక్షరాలు చదివి దాని మందం చూసుకోవాలి. లోపల మూడు తీగలున్నాయో లేదో అడగాలి. మూడు రంధ్రాలు చూపించి, లోపల రెండే తీగలు వేసి, ఎర్త్ రంధ్రాన్ని అలంకారంగా వదిలేసిన బాక్సులు చవగ్గా దొరుకుతాయి. గీజరు లావు పిన్నును చిన్న సాకెట్లోకి దించే కన్వర్టరు జోలికి మాత్రం ఎంత అవసరమైనా పోకూడదు: ఆ పిన్నును అంత లావుగా చేసిందే చిన్న సాకెట్లో పట్టకుండా ఉండడానికి.